సత్రము – శాసనము – సర్కారు : లోటు పూరింపవలసినది ఎవరు?



జీర్ణోద్ధరణ కార్యక్రమము ముగిసి, విమానముపై నూతన కలశము నిలిచి, కుంభాభిషేక మహోత్సవము జరుగుచున్న ఈ శుభసమయమున స్వామివారి సేవలో పాలుపంచుకొన్న దాతలందరకు మంగళాశాసనములు. దేవాలయమునకు రాయి, సున్నము, ధాన్యము, ధనము, శ్రమ ఇచ్చినవారి మనస్సులో ఇట్టి వేళ సహజముగా ఒక ప్రశ్న ఉదయించును. "గోపురము పూర్తి అయినది, ప్రాకారము పూర్తి అయినది. ఇక ముందు ఆలయము తరఫున అన్నసత్రము, వైద్యశాల, మంచినీటి వసతి వంటివి చేపట్టవలెనా? అవి ప్రభుత్వము చేయవలసిన పనులు కదా! పన్నులు కట్టుచునే ఉన్నాము. ఒకే పనికి రెండుమార్లు ఎందుకు ఇయ్యవలెను?" అని కొందరు అడుగుదురు. "ప్రభుత్వము వచ్చి చేయువరకు ఆకలి ఆగునా? దేవుని సొమ్ము ఆకలిగొన్నవానికి కాక మరి ఎవరికి?" అని మరికొందరు అడుగుదురు.

ఈ రెండు మాటలలోను న్యాయము కలదు. కావున ఒకదానిని త్రోసివేసి మరొకదానిని నిలబెట్టుట ఉచితము కాదు. మన పూర్వులు ఈ విషయమున ఏమి చేసినారు, వారు చేసిన ఏర్పాట్లలో ఏవి నిలిచినవి, ఏవి చెడినవి అను సంగతి తెలుసుకొనిన పిదప మనము చేయదగినది మనకే తెలియగలదు. అందుకొరకే ఈ చిన్న వ్యాసము.

ఇష్టము, పూర్తము

మన ధర్మశాస్త్రములు సత్కర్మలను ఇష్టము, పూర్తము అని రెండుగా విభజించినవి. యజ్ఞయాగాదులు, నిత్యహోమము, దేవతారాధనము ఇష్టము. నూతులు, చెరువులు త్రవ్వించుట, తోటలు వేయించుట, అన్నసత్రములు నిలుపుట, దేవాలయ నిర్మాణము పూర్తము. ఈ రెండింటిని కలిపి ఇష్టాపూర్తములు అనుట పరిపాటి. గర్భాలయములో జరుగు అర్చన ఇష్టమైనచో, వాకిట చలివేంద్రము పూర్తము. ఒకదానిని చేసి రెండవదానిని విడిచినవాడు సగము పనియే చేసినట్లు పెద్దలు భావించినారు.

సప్తసంతానములను మాట కూడ పాఠకులకు తెలిసినదే. పుత్రుడు, చెరువు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కావ్యము అనునవి ఏడును మనుష్యుని పేరు నిలుపు సంతానములుగా చెప్పబడినవి. కన్నకొడుకుతో సమానముగా చెరువును లెక్కించిన సంస్కృతి మనది.

ఇచట ఒక ముఖ్యమైన సంగతి గమనింపవలెను. ఆ కాలమున దాత వేరు, ప్రభుత్వము వేరు అని గిరి గీయుట సులభము కాదు. రాజు ఒక గ్రామమును దేవాలయమునకో మఠమునకో ఇచ్చుట అనగా, ఆ గ్రామమునుండి తనకు రావలసిన పన్నును వదలుకొనుట. ఆ పన్నుతో చదువు, వైద్యము, అన్నము జరుపు బాధ్యతను ఆ సంస్థ స్వీకరించుట. సొమ్ము రాజ్యముది, నిర్వహణ దేవాలయముది. కావున పూర్వము దేవాలయములు రాజు వదలివేసిన పనులను చేసినవనుట సరి కాదు. రాజు అప్పగించిన పనులను, అందుకు తగిన ఆదాయముతో సహా స్వీకరించినవనుట సరి.

మల్కాపురము శాసనము చెప్పునది

ఇందుకు మన ఆంధ్రదేశముననే ఒక గొప్ప నిదర్శనము కలదు. గుంటూరు జిల్లా, తుళ్ళూరు మండలములోని మల్కాపురమున ఒక శిలాస్తంభముపై క్రీ.శ. 1261 నాటి శాసనము ఉన్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు చక్రవర్తి మందర గ్రామమును ఇచ్చెదనని వాగ్దానము చేయగా, ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ మాటను నెరవేర్చి, దానితోపాటు వెలగపూడి గ్రామమును కూడ ధారపోసినది. మందరమే నేటి మందడము. వెలగపూడిలో 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయము నడచుచున్నది. ఒకనాడు ఏ గ్రామపు పన్ను సత్రమునకు పోయినదో, ఆ గ్రామమునుండియే నేడు రాష్ట్రపాలన జరుగుచున్నది. ఈ విషయమును గురించి యోచించువారికి అంతకన్న తగిన స్థలము దొరకదు.

విశ్వేశ్వర శివాచార్యులు అచ్చట దేవాలయము, మఠము, సత్రము స్థాపించి, విశ్వేశ్వర గోళకి అను పేర ఒక గ్రామమునే నెలకొల్పినారు. ఆదాయమును మూడు భాగములు చేసినారు. ఒక భాగము స్వామివారి పూజకు. రెండవ భాగము విద్యార్థుల భోజనమునకు, శైవమఠమునకు. మూడవ భాగము ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రమునకు. మూడు వేదములు చెప్పుటకు ముగ్గురు, పదవాక్యప్రమాణ సాహిత్యాగమములు చెప్పుటకు అయిదుగురు ఉపాధ్యాయులను నియమించినారు. ఒక వైద్యుని, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుని కూడ ఏర్పాటు చేసినారు. సత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చిన వారందరకు, ఏ వేళనైనను, అన్నము పెట్టవలెనని శాసించినారు.

పాఠకులు ఈ శాసనములో నాలుగు సంగతులు గుర్తింపవలెను. మొదటిది, ప్రసూతిశాల. కాన్పు కష్టము తెలిసిన దయామయుడు ఎవరో ఆ మాట వ్రాయించినాడు. రెండవది, లెక్కలు వ్రాయువాని జీతము. ధర్మకార్యమునకు లెక్క అక్కరలేదని వారు అనుకొనలేదు. మూడవది, ఏ భాగము దేనికో రాతిపై చెక్కించుట. రేపు వచ్చు అధికారి వైద్యుని భాగము తీసి ఉత్సవమునకు ఖర్చు పెట్టరాదని దీని భావము. నాలుగవది, అందరకు అన్నము అను మాట.

ఈ నాలుగవ మాట విషయమున మనము నిజము చెప్పుకొనవలెను. పూర్వపు సత్రములన్నియు ఇట్టివి కావు. కేవలము బ్రాహ్మణులకే అన్నము పెట్టినవి, ఫలానా కులమువారికే తావు ఇచ్చినవి దేశమున అనేకము ఉండినవి. ఆకలి ఒక్కటే అయినను, పంక్తి ఒక్కటి కాలేదు. దాత ఇచ్చునపుడు ఎవరికి ఇయ్యవలెనో దాతయే నిర్ణయించును. దానములోని గొప్పతనము అదియే, లోపమును అదియే. మల్కాపురము వంటి శాసనములను తలచుకొని గర్వించువారు ఈ లోపమును కూడ తలచుకొనుట ధర్మము.

త్రవ్వించుట ఒక ఎత్తు, కాపాడుట ఒక ఎత్తు

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్టవద్ద క్రీ.శ. 1369 నాటి శాసనము మరియొకటి కలదు. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును త్రవ్వించినాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరముల పని అని శాసనము లెక్క చెప్పుచున్నది. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండకూడని ఆరు దోషములను ఆ శాసనము వివరించినది. ఆ పండ్రెండింటిలో మొట్టమొదటిది ధర్మబుద్ధి, సంపద కలిగి కీర్తి కోరు ప్రభువు. రెండవది జలశాస్త్రము తెలిసిన పండితుడు. మంచి నేల, తీయని నీరు గల నది, గట్టి కట్ట మొదలగునవి ఆ తరువాత. అనగా ధనము, తెలివి ఒకచోట చేరిన పిదపనే మట్టి తట్ట ఎత్తవలెనని తాత్పర్యము.

అయితే చెరువు త్రవ్వించినంత మాత్రమున చాలదు. ఏటేట పూడిక తీయవలెను, కట్ట బలపరచవలెను, తూము బాగుచేయవలెను. ఇందుకొరకు రాయలసీమలో దశబంధ మాన్యములు ఉండెడివి. చెరువును నిర్మించి లేదా బాగుచేసి కాపాడువానికి ఆయకట్టునుండి ఒక భాగము మాన్యముగా దక్కును. కాపాడినంతకాలమే మాన్యము. కంపెనీ పాలనలోను, ఆ పిదప దొరతనములోను భూమి వ్యవస్థలు మారి, మాన్యము ఒకచోట, మరమ్మతు బాధ్యత మరొకచోట పడిన తావులలో చెరువులు పూడిపోయినవి. సర్కారువారు "ఇది మాన్యదారుని పని" అనిరి. మాన్యదారు "ఇక ఇది సర్కారు పని" అనెను. చెరువు మాత్రము ఎవరి మాటయు వినక ఎండినది. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పునరుద్ధరణము చేపట్టవలసి వచ్చుటకు గల కారణములలో తరతరముల ఈ నిర్లక్ష్యము ఒకటి.

దానమునకును, ప్రభుత్వమునకును నడుమ బాధ్యత జారిపడినచో జరుగునది ఇదియే. లోటు ఉండుట కన్న, ఆ లోటు ఎవరిదో తెలియకపోవుట ఎక్కువ ప్రమాదకరము.

నందన, ధాత కరవులు నేర్పిన పాఠము

ఈస్టిండియా కంపెనీవారు 1817లో ఏడవ రెగ్యులేషను ద్వారా చెన్నపురి రాజధానిలోని దేవాలయములు, మసీదులు, విద్యాశాలలు, సత్రములు, వంతెనలకు చెందిన ధర్మాదాయములపై రెవెన్యూ బోర్డునకు పర్యవేక్షణాధికారము ఇచ్చినారు. సత్రమును వంతెనను దేవాలయముతో కలిపి ఒకే చట్టములో చేర్చుట గమనింపదగినది. ఇవన్నియు ప్రజాప్రయోజనములే అని ఆ చట్టము చేసినవారు సైతము గ్రహించినారు. పిదప పరమతముల దేవాలయ వ్యవహారములలో తలదూర్చరాదని వచ్చిన ఒత్తిడికి లోబడి వెనుకకు తగ్గినారు. 1843లో తిరుమల ఆలయ నిర్వహణము హథీరాంజీ మఠము మహంతుల చేతికి వచ్చినది. 1863లో ఇరువదవ చట్టముతో ప్రభుత్వము ఈ బాధ్యతనుండి పూర్తిగా తప్పుకొన్నది. మరల 1925, 1927 సంవత్సరముల చట్టములతో ధర్మాదాయముల పర్యవేక్షణము మొదలైనది.

ఈ మధ్యకాలమున మన దేశము రెండు మహాక్షామములను చూచినది. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమను పీడించినది నందన కరవు. ధాత, ఈశ్వర సంవత్సరములలో, అనగా 1876–78లో, బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు మొదలగు జిల్లాలను పీడించినది ధాత కరవు. రెండింటిలోను లక్షలాది ప్రజలు మరణించినారు. కలిగినవారు గంజికేంద్రములు పెట్టకపోలేదు. రాయలసీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు కరవు కాలమున వేలాది ప్రజలకు అన్నము పెట్టి, పల్లెపదములలో నిలిచిపోయినారు. అట్టి పుణ్యాత్ములు ఎందరో ఉండిరి. అయినను మరణములు ఆగలేదు. ఎందువలన? ఒక దాత గాదె ఒక సీమకు చాలదు. పంట పోయినపుడు దాత పంట కూడ పోవును. ఊరిలో దాత ఉన్నవాడు బ్రదుకును, లేని ఊరివాడు దారిలో పడిపోవును.

మరి ప్రభుత్వము ఏమి చేసినది? 1877 ఆరంభములో సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి కరవు పనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యమునకు తగిన పైకము, దానిపై ఒక అణాగా తగ్గించినాడు. ఇది ప్రాణము నిలుపదని చెన్నపురి ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించినాడు. కొన్ని మాసముల పిదప కూలి పెంచినారు. అప్పటికి ఎందరి ప్రాణములు పోయినవో! 1877 ఆగస్టులో చెన్నపురిలో గవర్నరు బకింగ్‌హాం ప్రభువు అధ్యక్షతన సభ జరిగి, ఇంగ్లండు ప్రజలను విరాళములు కోరినారు. ఏడు లక్షల పౌనులకు పైగా సొమ్ము వచ్చినది.

ఆ విరాళముల వినియోగమున ఒక నియమము పెట్టినారు. ప్రాణము నిలుపు అన్నము ప్రభుత్వము బాధ్యత. విరాళముల సొమ్ము ఆ పనికి కాదు. అనాథలైన పిల్లలకు, గౌరవముకొద్ది కరవు పనికి రాలేక ఇంటనే మాడుచున్నవారికి, కట్టుబట్టకు, ఇల్లు పడిపోయినవారికి, విత్తనములు, ఎద్దులు కొనలేని రైతుకు ఆ సొమ్ము ఖర్చు చేయవలెను. ఆనాటి ప్రభుత్వము తన భాగమును సరిగా నెరవేర్చలేదు. అది వేరు సంగతి. కాని ఆ విభజనలో ఒక వివేకము కలదు. కొలతకు అందునది, అందరకు ఒకే తీరున అందవలసినది ప్రభుత్వపు వంతు. కొలతకు అందనిది, మనిషిని చూచి మాత్రమే తెలుసుకొనదగినది దాత వంతు.

1880లో దుర్భిక్ష కమిషను తన నివేదిక ఇచ్చినది. 1883లో కరవు నియమావళి సిద్ధమైనది. ఏ లక్షణములు కనబడినపుడు కరవు అని గుర్తింపవలెను, ఏ అధికారి ఏమి చేయవలెను, కూలి ఎంత, పనికి రాలేనివారికి ఉచిత సహాయము ఎట్లు అను విషయములు అందులో వ్రాయబడినవి. కరవువేళ ప్రజలను బ్రదికించుట ప్రభుత్వపు దయ కాదు, విధి అని అంగీకరించుటకు రెండు మహాక్షామములు కావలసి వచ్చినవి.

సీతమ్మగారి విస్తరి వెనుక ఆనకట్ట

ఆంధ్రదేశమున అన్నదానమనగానే డొక్కా సీతమ్మగారి పేరు తలచనివారు లేరు. 1841లో మండపేటలో జన్మించి, 1909లో పరమపదించిన ఆ సాధ్వి, కోనసీమలోని లంకల గన్నవరమున తన ఇంట వేళ కాని వేళ వచ్చినవారికి సైతము వండి వడ్డించి అపర అన్నపూర్ణ అనిపించుకొన్నది. గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారికి అన్నము దొరకు చోటు ఆమె ఇల్లు.

అయితే ఆమె పుట్టిన నాటికి గోదావరి డెల్టా నేటి వలె లేదు. వరద వచ్చిన ముంపు, రానిచో కరవు. కాటన్ దొరగారు డెల్టా దుఃస్థితిని ప్రభుత్వమునకు నివేదించి, 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట ప్రారంభించి, 1852 నాటికి పూర్తిచేయించినారు. కాలువలు సాగినవి. వైనతేయ పాయపై గన్నవరము వద్ద కట్టిన అక్విడక్టు ద్వారా నీరు పాయను దాటి అవతలి లంక భూములకు చేరినది. నీరు పారినచోట ధాన్యము పండినది. ధాన్యమున్న ఇంట విస్తరి పడినది. పాత అక్విడక్టు ప్రక్కన తరువాతి కాలమున నిర్మించిన కొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఆ పేరు పెట్టినవారు తెలిసి చేసినారో తెలియక చేసినారో కాని, అది ఎంతయు సముచితము.

ఆనకట్ట కట్టుట ఏ అన్నదాత వల్లను అగు పని కాదు. అర్ధరాత్రి తలుపు తట్టిన బాటసారికి లేచి పొయ్యి వెలిగించుట ఏ ఇంజనీరింగు శాఖ వల్లను అగు పని కాదు. ఒకటి లేనిదే రెండవది నిలువదు. ప్రభుత్వము తన పని చేసిన సీమలోనే దాత చేయి ధారాళముగా సాగును.

బిక్ష హక్కుగా మారిన విధము

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు వండిన మధ్యాహ్న భోజనము పెట్టవలెనని ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి అది అమలులోనికి వచ్చినది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చి, బడి భోజనము చట్టము చెప్పిన హక్కు అయినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పథకమునకు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనమని పేరు పెట్టినది.

ఒక గృహిణి తన ఇంట తన ఇచ్ఛతో చేసిన పని, నూరేండ్ల పిదప ప్రతి బడిలో ప్రతి బిడ్డకు చెందవలసిన హక్కుగా మారి, ఆమె పేరునే ధరించినది. ఉత్తమమైన దానము ఇట్లే ఉండవలెనని నా అభిప్రాయము. దాత ముందుగా నడచి, ఇది చేయదగినది, చేయగలిగినది అని చూపవలెను. ప్రభుత్వము వెనుకనుండి వచ్చి దానిని అందరిదిగా చేయవలెను. బిడ్డ తలవంచి చేయి చాపనక్కరలేక పలక పట్టుకొని వరుసలో కూర్చుండి తినగలిగినపుడు, మొదటి దాత పుణ్యము తరుగదు, పెరుగును.

మన కాలపు రెండు నిదర్శనములు

1995–96 ప్రాంతమున శ్రీ సత్యసాయి కేంద్ర ట్రస్టువారు అనంతపురము జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు మంచినీటి పథకము నిర్మించినారు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన సీమ అది. ఆ లోటు ప్రభుత్వముదే, పూరించినది దాతలు. 1999లో తపాలాశాఖ ఆ పథకము స్మృతిగా తపాలాబిళ్ళ కూడ విడుదల చేసినది. నిర్మాణానంతరము నిర్వహణను ప్రభుత్వ యంత్రాంగమునకు అప్పగించినారు. ఇందు రెండు పాఠములు కలవు. గొట్టములు వేయుట ఒకసారి చేయు ఖర్చు. దానిని దాతలు భరింపగలరు. పంపులు నడుపుట, గొట్టము పగిలిన నాడు మార్చుట, పనివారి జీతము నెలనెల ఇచ్చుట ఎన్నటికి తీరని ఖర్చు. దానికి పన్నుల ఆదాయము కావలెను. ఏ దానమైనను మొదటి రోజున ఈ రెండవ ఖర్చును గూర్చి యోచింపనిచో, పోరుమామిళ్ళ శాసనము చెప్పిన ఆరు దోషములకు ఇది ఏడవ దోషము కాగలదు.

రెండవ నిదర్శనము తిరుమల. 1932 చట్టముతో 1933లో తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణ కమిటీ ఏర్పడినది. 1945లో దేవస్థానము తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర కళాశాలను స్థాపించినది. ఆ సీమలోని పేదవిద్యార్థులు ఎందరో ఆ కళాశాల వలన పట్టభద్రులైనారు. 1985లో నిత్యాన్నదానము ప్రారంభమైనది. దాతల మూలధనము అటులనే ఉండి, దానిపై వచ్చు వడ్డీతో అన్నము జరుగు ఏర్పాటు అది. ఇది మల్కాపురపు త్రిభాగ పద్ధతికి ఆధునిక రూపమే. మూలము చెడదు, ఫలము అందరకు అందును.

చేయదగినది ఏమి?

పాఠక మహాశయులారా! పైని చరిత్రనుబట్టి, దాతలు లోటు పూరింపవలెనా అను ప్రశ్నకు నా సమాధానము ఇది. పూరింపవలెను, కాని ఆ లోటును దాచివేయు తీరున కాదు.

ప్రభుత్వ వైద్యశాలలో వైద్యుడు లేడు. ఆలయము ఎదురుగా ఒక వైద్యశాల తెరచినది. రోగులు ఇటు రాసాగినారు. ఖాళీ పోస్టు ఖాళీగానే ఉన్నది, అడుగువాడు లేడు. పదేండ్లకు ఆలయ నిధి తరిగి వైద్యశాల మూతపడినది. అపుడు ఊరికి రెండును లేవు. ఇట్టి దానము మంచి మనస్సుతో చేసినదే అయినను, చివరకు ఊరికి అపకారము చేసినట్లగును. కావున ఆలయము వైద్యము చేయించుచున్నచో, ఆ ఖాళీ పోస్టు నింపుమని అడుగు అర్జీపై మొదటి సంతకము ఆలయ కమిటీదే కావలెను. దాతకు అడుగు హక్కు లేదనుకొనుట పొరపాటు. దాత పన్ను కట్టు పౌరుడు కూడ. దానము చేసి నోరు మూసుకొనుమని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ఇక ఆలయము స్వయముగా చేపట్టదగిన పనులు ఏవి? 1877 నాటి ఆ విభజన ఇప్పటికిని పనికివచ్చును. ప్రభుత్వపు జాబితాలో పేరు లేనివారిని, కొలతకు అందని అవసరములను వెదకవలెను. పెద్దాసుపత్రిలో చేరిన రోగికి ప్రభుత్వము భోజనము ఇచ్చును. రోగికి తోడుగా పొరుగూరినుండి వచ్చి వరండాలో పడుకొను తల్లికో భార్యకో ఎవరు పెట్టుదురు? ఈ లోటును గుర్తించి 2022లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదు ఆసుపత్రులలో సహాయకులకు అయిదు రూపాయల భోజనమును ధార్మిక సంస్థ సహకారముతో ప్రారంభించినది. ఇట్టివి ప్రతి ఊరిలోను కలవు. రేషను కార్డు వచ్చుటకు కాగితములు లేని వృద్ధురాలు, పింఛను ఆగిపోయి కార్యాలయముల చుట్టు తిరుగు వికలాంగుడు, దహనమునకు కట్టెలు కొనలేని కుటుంబము — వీరికి తక్షణ సహాయము ఆలయ వంతు. అంతతో ఆగక, ఆ కాగితము వచ్చువరకు వెంట నడచుట కూడ ఆలయ వంతే. ఒక నెల బియ్యము ఇచ్చుట పుణ్యము. జీవితాంతము బియ్యము వచ్చు కార్డును ఇప్పించుట అంతకన్న గొప్ప పుణ్యము.

చేపట్టిన ప్రతి పనికి మల్కాపురము వలె లెక్క ఉండవలెను. ఏ భాగము పూజకు, ఏ భాగము అన్నమునకు, ఏ భాగము రోగులకు అని వ్రాసి, ఏటేట ఆలయ కుడ్యముపై అందరు చదువునట్లు ప్రకటింపవలెను. మూలధనము ముట్టరాదు. పంక్తిలో కులము అడుగరాదు, మతము అడుగరాదు, తిన్నవానిచేత స్తోత్రము చెప్పింపరాదు. ఆకలిగొన్నవాని కృతజ్ఞతను దాత కోరినచో అది దానము కాదు, బేరము.

ప్రభుత్వము ఆ పనిని తానే చేయుటకు వచ్చిన నాడు మనము సంతోషముతో అప్పగింపవలెను. "ఇది మా సత్రము, మా పేరు" అని పట్టుకొని కూర్చుండరాదు. అప్పగించిన పిదప ఖాళీ అయిన చేయి మరియొక లోటును వెదకవలెను. లోకములో లోటులకు ఎన్నడును కరవు లేదు.

ఆలయమునకు జీర్ణోద్ధరణము పండ్రెండేండ్లకు ఒకసారి జరుపుట మన ఆచారము. రాయి కదలును, సున్నము రాలును, మరల బాగుచేసుకొనవలెను. ధర్మవ్యవస్థయు అట్టిదే. సత్రము చెడినచోట చట్టము వచ్చినది, చట్టము చేరనిచోట సత్రము నిలిచినది. రెండింటిని ఎప్పటికప్పుడు పరీక్షించి బాగుచేయు బాధ్యత మాత్రము మనది. ఈ మహోత్సవములో ధనరూపమున పాల్గొన్నవారు రేపు మిగులు ధనము విషయమై కమిటీ సమావేశమైనపుడు మాటరూపమున కూడ పాల్గొనవలెనని నా ప్రార్థన. ఊరిలో ఎవరికి ఏ లోటు ఉన్నదో, అది ఎవరి వంతో తెలిసి మాటలాడుదురు గాక. స్వామి అనుగ్రహమున ఈ ఊరి ప్రతి ఇంట వేళకు విస్తరి పడుగాక.

స్వస్తి.